డ్యూయల్ క్లచ్ బండి ట్రాఫిక్‌లో ఎందుకు తడబడుతుంది?

మొదటిసారి అది జరిగినప్పుడు పక్క సీట్లో మా అమ్మ ఉంది. రౌండ్‌అబౌట్ దగ్గర బాగా నెమ్మదించాను గానీ పూర్తిగా ఆపలేదు. సందు దొరికిందనిపించి యాక్సిలరేటర్ తొక్కాను. బండి దొర్లుతూనే ఉంది, కానీ ఇంజిన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోయినట్టు అనిపించింది. దాదాపు ఒక సెకను అలా గడిచాక ఒక్క కుదుపుతో ముందుకు దూకింది. ఆ సెకనులోనే పక్కనుంచి వచ్చే బండి చాలా దగ్గరికి వచ్చేసింది. అమ్మ ఏమీ అనలేదు, డోర్ పైనున్న హ్యాండిల్ మాత్రం గట్టిగా పట్టుకుంది.

తర్వాత నేను అడిగిన ప్రతి ఒక్కరూ ఒక సమాధానం చెప్పారు. ఒకరు గేర్‌బాక్స్ పోయిందన్నారు. ఇంకొకరు క్లచ్ ప్లేట్లు మార్చాలన్నారు. మూడో ఆయన డ్యూయల్ క్లచ్ అంటే ఇంతేనండీ, అలవాటు చేసుకోండి అన్నాడు. ఈ తడబాటు ఏ క్షణంలో వచ్చింది, అప్పుడు ఆర్పీఎం ముల్లు (ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపేది) ఏం చేసింది అని మాత్రం ఒక్కరూ అడగలేదు. నిజానికి ముందు తేలాల్సినవి ఆ రెండే. ‘తడబాటు’ అని మనం ఒకే మాటతో చెబుతున్నది ఒకే జబ్బు కాదు. కనీసం నాలుగైదు వేర్వేరు కారణాలు మనకి ఒకేలా అనిపిస్తాయి. ఒకదానికి మందు ఇంకోదానికి పనికిరాదు, పైగా ఖర్చు చాలా పెద్దది.

లోపల ఎవరు ఏం చేస్తున్నారు

డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌ని మాన్యువల్ గేర్‌బాక్స్‌కి దగ్గరి చుట్టం అనుకుంటే సులువుగా అర్థమవుతుంది. ఒక గేర్‌బాక్స్‌లో రెండు చిన్న గేర్‌బాక్స్‌లు ఉన్నట్టు. 1, 3, 5, 7 గేర్లు ఒక షాఫ్ట్ మీద, 2, 4, 6 గేర్లు ఇంకో షాఫ్ట్ మీద ఉంటాయి. ఒక్కో షాఫ్ట్‌కి ఒక్కో క్లచ్, అంటే ఇంజిన్‌ని గేర్లతో కలిపే, విడదీసే ప్లేట్లు. మీరు రెండో గేర్‌లో వెళ్తుంటే, ఖాళీగా ఉన్న మొదటి షాఫ్ట్ మీద కంప్యూటర్ మూడో గేర్‌నో ఒకటో గేర్‌నో ముందే వేసి పెట్టుకుంటుంది. గేర్ మారే వేళకి ఒక క్లచ్ వదులుతుంది, అదే క్షణంలో ఇంకోటి పట్టుకుంటుంది. అందుకే హైవే మీద గేర్ మారినట్టు కూడా తెలియదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే ఫ్రెంచ్ ఇంజినీరు అడాల్ఫ్ కెగ్రెస్ దీని మీద పని చేశాడు. 1980లలో పోర్షే, ఆడి తమ రేసు బండ్లలో, ర్యాలీ బండ్లలో వాడి చూశాయి. మామూలుగా అమ్మే కారులోకి మొదట వచ్చింది 2003లో, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో. అది ఆయిల్‌లో తిరిగే వెట్ క్లచ్. 2008లో అదే కంపెనీ చిన్న ఇంజిన్ల కోసం ఏడు గేర్ల డ్రై క్లచ్ గేర్‌బాక్స్ తెచ్చింది. తేలిక, చవక, ఇంధనం ఆదా. కానీ డ్రై క్లచ్‌ని చల్లబరచడానికి గాలి తప్ప ఇంకేం లేదు. ఇంత తెలివైన యంత్రం ట్రాఫిక్‌లో ఎందుకు ఇబ్బంది పడుతుందో తెలియాలంటే ఒక చిన్న లెక్క వేయాలి.

గంటకు ఆరు కిలోమీటర్ల లెక్క

ఇంజిన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, నిమిషానికి సుమారు 800 సార్లు తిరుగుతుంది అనుకుందాం. ఒకటో గేర్‌లో, ఫైనల్ డ్రైవ్‌తో (చక్రాలకి ముందుండే చివరి గేర్ జత) కలిపి, ఇంజిన్ 16 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది అనుకుందాం. అంటే చక్రం నిమిషానికి 50 సార్లు. చక్రం చుట్టుకొలత దాదాపు రెండు మీటర్లు. నిమిషానికి వంద మీటర్లు, గంటకు ఆరు కిలోమీటర్లు. బండిని బట్టి ఈ అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది.

క్లచ్ పూర్తిగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా బండి వెళ్లగలిగే కనీస వేగం అదే. దానికంటే నెమ్మదిగా పాకాలంటే క్లచ్ పూర్తిగా పట్టుకోకూడదు, పట్టుకుంటే ఇంజిన్ ఆగిపోతుంది. కాబట్టి క్లచ్ జారుతూనే ఉండాలి. మాన్యువల్ బండి నడిపేవాళ్లు దీన్నే ‘హాఫ్ క్లచ్’ అంటారు. డ్రైవింగ్ నేర్పేవాళ్లు మొదటి రోజే, హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టొద్దు, ప్లేట్లు కాలిపోతాయి అని చెబుతారు. బంపర్‌కి బంపర్ తగిలే ట్రాఫిక్‌లో డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ చేస్తున్నది అచ్చంగా ఆ పనే, కంప్యూటర్ మన బదులు చేస్తోంది, అంతే.

పాతకాలపు ఆటోమేటిక్‌లో ఈ బాధ లేదు. దాంట్లో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఒక ఫ్యాన్ ఆయిల్‌ని తోస్తే ఆ ఆయిల్ ఇంకో ఫ్యాన్‌ని తిప్పుతుంది. ఎంతసేపు జారినా అరిగేది ఏమీ ఉండదు. హోండా తన ఎనిమిది గేర్ల డ్యూయల్ క్లచ్‌కి ముందు ఒక టార్క్ కన్వర్టర్ కూడా పెట్టింది. నెమ్మదిగా పాకేటప్పుడు ఈ డిజైన్‌కున్న ఇబ్బంది నిజమైనదే అని చెప్పడానికి అదే సాక్ష్యం.

పూర్తిగా నిలబడి ఉన్న బండి కదిలే సంగతి ఇంకో రకం. బ్రేక్ గట్టిగా తొక్కి ఉంటే కంప్యూటర్ క్లచ్‌ని పూర్తిగా వదిలేస్తుంది. కాలు తీయగానే క్లచ్‌ని పట్టు మొదలయ్యే చోటికి తేవాలి, తర్వాత మెల్లగా పట్టించాలి. దీనికి కొంత సమయం పడుతుంది. ఆటో హోల్డ్ (ఆగినప్పుడు బ్రేక్‌ని తనే పట్టి ఉంచేది) ఆన్‌లో ఉంటే బ్రేక్ వదలడానికి ఇంకొంచెం, స్టార్ట్-స్టాప్ (ఆగినప్పుడు ఇంజిన్‌ని ఆపేసేది) ఉంటే ఇంజిన్ స్టార్ట్ కావడానికి ఇంకొంచెం. మూడూ కలిస్తే మనకి ఒకే పెద్ద ఆలస్యంలా తెలుస్తుంది. గేర్‌బాక్స్ మీద అనుమానం పెట్టుకునే ముందు ఆ రెండూ ఆపేసి ఒక వారం నడిపి చూడండి. దీంతోనే సగం సమస్య తీరిపోయిన వాళ్లు నాకు తెలుసు.

నన్ను భయపెట్టిన ఆ సెకను

రౌండ్‌అబౌట్ దగ్గర జరిగింది పై రెండింటిలో ఏదీ కాదు. నాలుగో గేర్‌లో వస్తూ బ్రేక్ వేశాను. కంప్యూటర్ నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు అంటూ దిగుతోంది. ఈ మనిషి ఆపబోతున్నాడు అనుకుని, రెండో గేర్ క్లచ్‌ని వదిలేసి, ఒకటో గేర్‌ని సిద్ధం చేస్తోంది. సరిగ్గా ఆ మధ్యలో నేను యాక్సిలరేటర్ తొక్కాను. ఇప్పుడు అది మనసు మార్చుకోవాలి. ఒకటా, రెండా? ఇంజిన్ వేగాన్ని ఆ గేర్‌కి సరిపోయేలా పెంచాలి, క్లచ్‌ని పట్టించాలి. ఆ పని జరుగుతున్నంతసేపూ చక్రాలకి శక్తి అందదు.

ముందే గేర్ వేసి పెట్టుకోవడం ఈ యంత్రం గొప్పతనం. ఊహ తప్పినప్పుడు అదే గొప్పతనం ఎదురు తిరుగుతుంది. మూడో గేర్ నుంచి నేరుగా ఒకటికి రావాలంటే రెండూ ఒకే షాఫ్ట్ మీద ఉన్నాయి కాబట్టి దారి మరీ పొడుగు. హైవే మీద మన ఉద్దేశం ఊహించడం తేలిక. ట్రాఫిక్‌లో ఆగుతామో సాగుతామో మనకే తెలియదు, ఇక కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది!

ఇది విరిగిన వస్తువు కాదు, లెక్కలో ఉన్న లోటు. దీనికి క్లచ్ ప్లేట్లు మార్చినా ఫలితం ఉండదు. కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కొంతవరకు సాయపడుతుంది. మిగతాది మన చేతిలో ఉంది. కూడలికి చేరే ముందే మాన్యువల్ మోడ్‌లోకి మార్చి గేర్‌ని మనమే ఎంచుకోవచ్చు. లేదా స్పోర్ట్ మోడ్ పెట్టొచ్చు, అప్పుడు కింది గేర్లు ఎక్కువసేపు ఉంటాయి. బ్రేక్ మీద నుంచి కాలు కాస్త ముందుగా తీసి, ఒక్క క్షణం ఆగి, తర్వాత యాక్సిలరేటర్ తొక్కితే కూడా తేడా తెలుస్తుంది.

ముల్లు చెప్పే మాట

ఇంకో మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. డాష్‌బోర్డ్ వీడియో తీయమనండి. మీరు రోడ్డు చూడాలి కాబట్టి ఆ పని మీరు చేయకూడదు. తడబాటు వచ్చిన క్షణంలో ఆర్పీఎం ముల్లు ఏం చేసిందో తర్వాత ప్రశాంతంగా చూడొచ్చు.

యాక్సిలరేటర్ తొక్కినా ముల్లు అసలు పైకి లేవలేదంటే, తప్పు గేర్‌బాక్స్‌ది కాకపోవచ్చు. చిన్న టర్బో ఇంజిన్లు తక్కువ ఆర్పీఎంలో నిద్రలేవడానికి సమయం తీసుకుంటాయి. ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ మసిబారినా, స్పార్క్ ప్లగ్‌లు, కాయిల్స్ బలహీనపడినా ఇదే లక్షణం. మాన్యువల్ మోడ్‌లో ఒకే గేర్‌లో ఉంచి, క్లచ్ పూర్తిగా పట్టుకుని ఉన్నప్పుడు మెల్లగా తొక్కి చూడండి. అప్పుడూ లాగడం లేదంటే ఇంజిన్ వైపే వెతకాలి.

ముల్లు ఐడిల్‌కి పడిపోయి, ఒక క్షణం ఆగి, తర్వాత లేచిందంటే గేర్ మధ్యలో దొరికిపోయారన్నమాట. నాకు జరిగింది ఇదే.

ముల్లు ముందు పరుగెత్తి, బండి వెనకాల నింపాదిగా వస్తే మాత్రం జాగ్రత్తపడాలి. క్లచ్ జారుతోంది. కదిలే మొదటి రెండు మూడు మీటర్లలో కొంచెం జారడం మామూలే. మూడో గేర్‌లోనో నాలుగో గేర్‌లోనో చడావు ఎక్కుతున్నప్పుడు ఆర్పీఎం పెరిగి వేగం పెరగకపోతే అది అరుగుదల గానీ, తగినంత ఒత్తిడి అందకపోవడం గానీ అయి ఉంటుంది.

ముల్లు వణుకుతూ, దాంతోపాటు బండంతా గడగడలాడితే దాన్ని జడ్డర్ అంటారు. డ్రై క్లచ్ బండ్లలో ఇది ఎక్కువ. ప్లేట్ల ఉపరితలం వేడికి గాజులా నున్నబడటం, దుమ్ము, తేమ దీనికి కారణాలు. రాత్రంతా తడిలో నిలబెట్టిన బండి ఉదయం ఒకటి రెండు సార్లు వణికి, తర్వాత సర్దుకుంటే కంగారు పడనక్కర్లేదు. వేడెక్కే కొద్దీ వణుకు పెరుగుతుంటే చూపించాలి.

ఏ గేర్లలో వణుకుతోందో గమనించడం కూడా చాలా విలువైన విషయం, ఎందుకో గానీ దీన్ని ఎవరూ పట్టించుకోరు. 2, 4, 6 గేర్లలోకి వెళ్లేటప్పుడే ఇబ్బంది, 1, 3, 5 బాగున్నాయి అంటే రెండు క్లచ్‌లలో ఏది అనేది దాదాపు తేలిపోయినట్టే. రివర్స్ ఏ వైపు ఉంటుందో డిజైన్‌ని బట్టి మారుతుంది. ఫోక్స్‌వ్యాగన్ ఆరు గేర్ల వెట్ క్లచ్‌లో రివర్స్ బేసి గేర్లతో ఉంటే, అదే కంపెనీ ఏడు గేర్ల డ్రై క్లచ్‌లో సరి గేర్లతో ఉంటుంది. రెండో గేర్‌లోనూ రివర్స్‌లోనూ ఒకే రకం వణుకు వస్తోందని మీరు చెప్పగలిగితే మంచి మెకానిక్‌కి సగం పని అయిపోయినట్టే.

చిన్న వస్తువులు, పెద్ద అనుమానాలు

బ్రేక్ స్విచ్ సరిగా లేకపోతే, మీరు కాలు తీసేసినా బ్రేక్ ఇంకా తొక్కే ఉందని కంప్యూటర్ అనుకుంటుంది. బ్రేక్ తొక్కి ఉన్నంతసేపు క్లచ్‌ని పూర్తిగా పట్టించదు, చాలా బండ్లలో యాక్సిలరేటర్ మాట కూడా వినదు. ఆ స్విచ్ చాలా చిన్న వస్తువు. బ్రేక్ లైట్లు వెంటనే ఆరుతున్నాయా లేదా అని వెనక నిలబడి ఎవరినైనా చూడమంటే చాలు. రెండు కాళ్లతో నడిపే అలవాటు ఉన్నవాళ్లకి స్విచ్ బాగున్నా ఇదే జరుగుతుంది.

బ్యాటరీ సంగతి కూడా అంతే. కొన్ని గేర్‌బాక్స్‌లలో క్లచ్‌లని కదిపేది కరెంటు మోటార్లే. ఇంకొన్నింటిలో కరెంటు పంపు ఆయిల్ ఒత్తిడిని తయారుచేసి అక్యుములేటర్ అనే చిన్న డబ్బాలో దాచి పెడుతుంది. వోల్టేజ్ పడిపోయినా, అక్యుములేటర్ ఒత్తిడి నిలుపుకోలేకపోయినా మొదటి పట్టు ఆలస్యమవుతుంది. ఇంజిన్‌ని బండికి పట్టి ఉంచే రబ్బరు మౌంట్ చిరిగిపోతే గేర్‌బాక్స్ ఏ తప్పూ చేయకపోయినా ప్రతి కదలికకీ ఢక్‌మని కుదుపు వస్తుంది. పెద్ద బిల్లుకి ఒప్పుకునే ముందు ఈ మూడూ చూడమని అడగడం మీ హక్కు.

వెట్ క్లచ్ అయితే ఆయిల్ గురించి అడగండి. ఫోక్స్‌వ్యాగన్ ఆరు గేర్ల వెట్ క్లచ్‌కి ప్రతి 60,000 కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. క్లచ్ ఎంత మెత్తగా పట్టుకోవాలో ఆ ఆయిల్‌లో కలిపిన పదార్థాలే నిర్ణయిస్తాయి. పాతబడిన ఆయిల్‌తో కుదుపులు వస్తే సాఫ్ట్‌వేర్ ఎంత మార్చినా ప్రయోజనం లేదు. మీ బండికి ఎన్ని కిలోమీటర్లకో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ మాన్యువల్ చెప్పిన ఆయిల్ తప్ప ఇంకేదీ పోయనివ్వకండి.

ఇక అడాప్టేషన్. క్లచ్ అరిగే కొద్దీ అది పట్టుకునే చోటు జరుగుతూ ఉంటుంది. కంప్యూటర్ ఆ చోటుని గుర్తుపెట్టుకుని తనను తాను సరిచేసుకుంటుంది. ఈ లెక్క తప్పిపోతే స్కానర్ (బండి కంప్యూటర్‌తో మాట్లాడే పరికరం) పెట్టి మళ్లీ నేర్పిస్తారు. సాఫ్ట్‌వేర్ మార్చాక, క్లచ్ మార్చాక ఇది తప్పనిసరి, కొన్ని బండ్లలో బ్యాటరీ తీసి పెట్టినా అవసరమే. బాగా పనిచేస్తుంది కూడా. అయితే ఒకసారి చేసిన రెండు మూడు వారాలకే పాత తడబాటు తిరిగి వచ్చి, మళ్లీ అదే చేసి పంపిస్తుంటే, లోపల అరుగుదల ఉందనీ దాన్ని కప్పిపుచ్చుతున్నారనీ అర్థం. రీసెట్‌తో ప్లేట్లకి కొత్త మందం రాదు. వారంటీ గడువు దగ్గర పడుతున్నప్పుడు ఈ విషయంలో మొహమాటపడితే నష్టపోయేది మనమే.

మీ డ్రైవింగే సరిగా లేదు అని చెప్పి పంపించే చోట్లూ ఉంటాయి. ఆస్ట్రేలియాలో ఫోర్డ్ వాళ్ల పవర్‌షిఫ్ట్ అనే డ్రై డ్యూయల్ క్లచ్ ఉన్న బండ్లు కొన్నవాళ్లకి ఇదే ఎదురైంది. వణుకు వాళ్లు నడిపే తీరు వల్లే వస్తోందని చెప్పారు. ఆ ఫిర్యాదులని పట్టించుకున్న తీరుకి 2018లో అక్కడి ఫెడరల్ కోర్టు కంపెనీకి కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. మీకు తెలుస్తున్న కుదుపు మీ ఊహ అని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి.

అలాగని నడిపే తీరుకి సంబంధమే లేదని కాదు. ముందు బండి అడుగు కదిలితే మనమూ అడుగు కదలడం క్లచ్‌కి చాలా చెడ్డది. కొంచెం ఖాళీ ఏర్పడనిచ్చి, ఆ తర్వాత ఒకేసారి కదిలి, గంటకు ఆరేడు కిలోమీటర్లు దాటనిస్తే క్లచ్ పూర్తిగా పట్టుకుంటుంది, జారడం ఆగుతుంది. ఆగినప్పుడు బ్రేక్ గట్టిగా తొక్కాలి. మెత్తగా తొక్కి పట్టుకుంటే కొన్ని బండ్లలో క్లచ్ సగం పట్టుకుని బ్రేక్‌తో పోరాడుతూనే ఉంటుంది. చడావు మీద బండిని యాక్సిలరేటర్‌తో నిలబెట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు, నిమిషాల్లో క్లచ్ వేడెక్కిపోతుంది. గేర్‌బాక్స్ వేడి హెచ్చరిక వస్తే పక్కకి తీసి, పార్క్‌లో పెట్టి, ఇంజిన్ విషయంలో మాన్యువల్ ఏం చెబితే అది చేసి, చల్లబడే వరకు ఆగాలి.

కొన్ని లక్షణాలు ఉంటే మాత్రం బండిని ఇక నడపకూడదు. రోడ్డు మధ్యలో పట్టు పూర్తిగా వదిలేసి ఇంజిన్ మాత్రం అరవడం, గేర్ గుర్తు మిణుకుమిణుకుమనడం, ఒకటి విడిచి ఒకటి గేర్లు మాత్రమే పడటం, మాడు వాసన. వీటికి ట్రాఫిక్ తడబాటుతో సంబంధం లేదు, ఇవి ప్రమాదం. టో చేయించండి.

సర్వీస్ సెంటర్‌కి వెళ్లేటప్పుడు ఒక కాగితం తీసుకెళ్లండి. ఎంత వేగంలో, ఏ గేర్‌లో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, బ్రేక్ వదిలాక ఎంతసేపటికి, ముల్లు ఏం చేసింది. ‘పికప్ లేదు’ అని రాస్తే వాళ్లు ఏదో ఒకటి చేసి పంపిస్తారు. వీలైతే మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, అదే ట్రాఫిక్‌లో, బండి బాగా వేడెక్కాక నడిపి చూపించండి. స్కానర్ పెట్టమని అడగండి. ఫాల్ట్ కోడ్ లేదన్న మాటతో ఆగిపోవద్దు. క్లచ్ ఉష్ణోగ్రత, రెండు క్లచ్‌ల అడాప్టేషన్ విలువలు, జారుడు ఎంత ఉంది, బ్యాటరీ వోల్టేజ్ ఎంత, ఈ నాలుగూ బండి నడుస్తుండగా చూడాలి. నన్ను ఈ మాట వరకు తీసుకొచ్చింది ఒక చిన్న గ్యారేజ్‌లో పనిచేసే కుర్రాడు. అంతకు ముందు వెళ్లిన పెద్ద సర్వీస్ సెంటర్‌లో క్లచ్ సెట్ మొత్తం మార్చాలని ఎస్టిమేట్ రాసిచ్చారు. అతను నాతో పాటు నలభై నిమిషాలు ట్రాఫిక్‌లో కూర్చుని, ల్యాప్‌టాప్‌లో అంకెలు చూపిస్తూ, క్లచ్‌లు రెండూ ఆరోగ్యంగానే ఉన్నాయన్నా, ఆయిల్ ఒక్కటి మార్చండి చాలు అన్నాడు.

ఆయిల్ మార్చాక ఒకటి నుంచి రెండుకి వెళ్లేటప్పుడు వచ్చే కుదుపు పోయింది. రౌండ్‌అబౌట్ దగ్గరి ఆ సెకను మాత్రం అలాగే ఉంది, ఉంటుందని అతను ముందే చెప్పాడు. ఇప్పుడు అక్కడికి చేరే ముందు లివర్‌ని మాన్యువల్‌లోకి లాగి రెండో గేర్‌లో ఉంచుతాను, వేగం మరీ పడిపోతే ఒకటికి దింపుతాను. తొక్కిన వెంటనే బండి కదులుతోంది. అమ్మ పక్కన ఉన్నప్పుడు ఇంకొంచెం పెద్ద సందు దొరికే వరకు ఆగుతాను.